టాపు వారంటీ

వారంటీ అన్న మాట వింటేనే వైండింగు బాబాయికి ఒళ్ళు మండేది. మండదూ మరి. ఆయన షాపు నడిచేదే ఆ కాగితాలు పనికిరాకపోవడం వల్ల. మనిషి ఫ్యాను కొంటాడు, వారంటీ కాగితం బీరువాలో బట్టల కింద దాచుకుంటాడు, ఫ్యాను ఆగిపోయిన రోజు ఆ కాగితం పట్టుకుని కంపెనీ చుట్టూ తిరుగుతాడు. వాళ్ళు ఇటు తిప్పి అటు తిప్పి చూసి "ఇది మా కిందికి రాదండీ" అంటారు. చివరికి ఫ్యాను చంకన పెట్టుకుని బాబాయి షాపు మెట్లెక్కుతాడు. బాబాయి కాలిన మోటారు విప్పి, మాడిన తీగంతా పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, స్విచ్చి వేసి తిరుగుతున్న రెక్కలు చూపించి, "వారంటీ అంటే ఇవీ" అని తన రెండు చేతులూ ముందుకు చాచేవాడు. ఈ మాట విని విని వీధంతా విసిగిపోయింది. ఇన్నేళ్ళుగా విన్నా విసుక్కోకుండా నవ్వింది ఆయన భార్య ఒక్కతే. నవ్వడమే కాదు, నమ్మింది కూడా. వచ్చిన చిక్కల్లా అదే.

ఆవిడని వీధిలో అందరూ పిన్ని అనేవారు. కోల్డ్ స్టోరేజీలో ప్యాకింగు పని చేసేది. వచ్చిన అట్టపెట్టెలు కోసి, సరుకు చూసి, మళ్ళీ కట్టి లోపల గదిలో పేర్పించడం. ఆప్రాను జేబులో ఎప్పుడూ ఒక కట్టరు ఉండేది. ఒక్క గీతతో పెట్టె తెరుచుకునేది, లోపలి కవరు మీద గాటు పడేది కాదు. అక్కడ ఆవిడకి జతగా పెద్దక్క అని ఒకావిడ. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, వయసులో పెద్దది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, అందుకని పెద్దక్క. ఒకరు డబ్బాలో తెచ్చుకున్నది మరొకరికి పెట్టకుండా తినేవారు కాదు.

గడ్డకట్టే గది తలుపుకి లోపలివైపు ఒక పిడి ఉంటుంది. పొరపాటున బయటినుంచి మూసేసినా, లోపలున్నవాళ్ళు ఆ పిడి నెడితే తెరుచుకోవాలి. అది జారుతోందని, పట్టు చిక్కట్లేదని పిన్ని సూపర్వైజరుకి చెప్పింది. "చూపిస్తానమ్మా" అన్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగింది. "చూపించానమ్మా, బాగుచేశారు" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పండగకీ పబ్బానికీ సెలవడిగితే కాదనేవాడు కాదు. అందుకే ఆవిడ ఇంకోసారి నెట్టి చూడలేదు.

ఒక సాయంత్రం షిఫ్టు దిగే హడావిడిలో ఎవరో ఆ తలుపు మూసుకుని వెళ్ళిపోయారు. లోపల ఇద్దరూ ఉన్నారు. పిడి ఎంత నెట్టినా గిరగిరా తిరిగింది తప్ప తలుపు కదల్లేదు. తెల్లారి షిఫ్టువాళ్ళు వచ్చి తలుపు తీసేసరికి పెద్దక్క ప్రాణాలతో లేదు. ఆవిడ స్వెటరు పిన్ని ఒంటిమీద ఉంది. ఎప్పుడు విప్పి కప్పిందో పిన్నికి తెలియదు. పిన్ని ప్రాణం దక్కింది, ఎడమ కాలి వేళ్ళు దక్కలేదు.

ఆ తర్వాత మూసిన చోటు ఏదైనా సరే ఆవిడకి ఊపిరి ఆడేది కాదు. బాబాయి ఇంట్లో తలుపులన్నిటికీ గడియలు పీకేశాడు. స్నానాలగది తలుపుకి ఇటుక అడ్డం పెట్టాడు. పడకగదిలో కిటికీ రెక్కలు ఊడదీసి, మంచం పక్కన తన చేత్తో వైండింగు చేసిన టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఆ గాలి మొహానికి తగులుతుంటేనే ఆవిడకి కన్ను మూతపడేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, భార్యని అంత అపురూపంగా చూసుకునే మగవాణ్ణి ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

అంతలో విచారణకి రమ్మని కబురు వచ్చింది. విచారణ పెద్ద ఊళ్ళో. కంపెనీవాళ్ళు చెప్పేదేమంటే, పిడి పాడైందని తమకెవరూ చెప్పలేదు, పెద్దక్కే పని వేళ దాటాక సొంత పనిమీద లోపలికి వెళ్ళింది, తప్పంతా ఆవిడదే. పెద్దక్క లేచి వచ్చి కాదని చెప్పలేదు కదా. చెప్పగలిగింది పిన్ని ఒక్కతే. "మీరు స్వయంగా వచ్చి చెప్తే వింటాం, కాగితం మీద రాసి పంపితే లాభం లేదు" అన్నాడు విచారణాధికారి. పెద్దక్క కూతురు ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "పిన్నీ, మా అమ్మ తప్పు లేదని ఒక్కమాట చెప్పు, చాలు" అని ఏడ్చింది. పిన్ని ఆ పిల్ల తల నిమిరి వస్తానంది.

వస్తాననడం తేలికే. వెళ్ళడం ఎలా? బస్సెక్కించాడు బాబాయి. తలుపు మూసుకున్న చప్పుడుకే ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది, డ్రైవరు తిడుతున్నా వినకుండా దిగిపోయింది. స్కూటరు మీద ప్రయత్నించారు. వేళ్ళు లేని కాలు అంతసేపు వేలాడేసరికి ఊరి పొలిమేర దాటకుండానే నొప్పితో మెలికలు తిరిగిపోయింది. కారంటే అద్దాలు దించినా నెత్తిన రేకు రేకే. "టాపు లేకపోతే కూర్చుంటానేమోనండీ" అంది ఓ రోజు, మాటవరసకి అన్నట్టు.

బాబాయి ఆ మాట పట్టుకున్నాడు. షాపులో ఉన్న రెండు చుట్టే మిషన్లలో ఒకటి అమ్మేశాడు. పాత కార్ల షెడ్డులో ఒక మూల, ఎవరూ కొనక దుమ్ము కొట్టుకుపోతున్న ఎర్ర కారు ఒకటుంది. దాని టాపు గుడ్డది. మీట నొక్కితే మోటారు తిరిగి, గుడ్డ మడతలు పడుతూ వెనక్కి వెళ్ళి డిక్కీ ముందు ముడుచుకుంటుంది. మళ్ళీ నొక్కితే వచ్చి కప్పేస్తుంది. వానలు పడే ఊళ్ళో అలాంటి కారు ఎవడు కొంటాడు? పదిమందీ చూసి, ఫోటో దిగి, పోతారు.

షెడ్డులో అమ్మాయి చురుకైనది. టాపు తీసి చూపించింది. పిన్ని ముందు తలుపు పట్టుకుని నిలబడింది, తర్వాత కూర్చుంది, తర్వాత వెనక్కి వాలి ఆకాశంలోకి చూసింది. పెద్దక్క పోయాక ఆవిడ మొహంలో నవ్వులాంటిది బాబాయి చూడటం అదే మొదలు. అక్కడికక్కడే ఆయన కడుపు నిండిపోయింది. ఇంజను ఎలా ఉందని కూడా అడగలేదు.

"ఇంజనుకీ గేర్లకీ మామూలు వారంటీ ఎలాగూ ఉంటుంది మేడమ్," అంది అమ్మాయి. "టాపుకి మాత్రం ఉండదు. దానికి వేరే తీసుకోవాలి. మూడేళ్ళది తీసుకుంటే టాపు, దాని మోటారు, స్విచ్చులు అన్నీ మావే. దారిలో ఎక్కడ మొరాయించినా ఫోను కొడితే గంటలో మనిషి వస్తాడు."

"తీసుకుందామండీ," అంది పిన్ని.

బాబాయి నవ్వాడు. "ఎవరికి చెప్తున్నావే? మోటార్లతో కాపురం చేస్తున్నవాడికా? నేనుండగా నీకు వారంటీ ఎందుకు?"

పిన్ని నవ్వలేదు. "ఆ తలుపుక్కూడా ఏటా చూసే కాంట్రాక్టు ఒకటి ఉండేదట. దండగని మానేశారట. ఎవరో ఒకరు ఇలాగే నవ్వుతూ వద్దని ఉంటారు. తీసుకోండి. టాపు వేసినా మళ్ళీ తెరుచుకుంటుందని నాకు తెలిసుండాలి."

"సరే, సరే. తీసుకుంటాలే."

సంతకాలు లోపల క్యాబిన్లో. దానికి అద్దాల తలుపు, తనంతట తానే మూసుకునే రకం. పిన్ని కారులోనే ఉండిపోయింది. బాబాయి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. అమ్మాయి కాగితాలు ముందు పెట్టి నియమాలు చెప్పింది. టాపు వారంటీ కావాలంటే ముందు కారు వాళ్ళ వర్క్‌షాపులో వదలాలి. వాళ్ళు పరీక్ష చేసి ముద్ర వేస్తారు. అప్పటిదాకా ఆగాలి.

"ఇంకొకటి అంకుల్. బయటివాళ్ళెవరైనా చెయ్యి పెడితే మాత్రం వారంటీ చెల్లదు. వీధిలో రిపేరు షాపులవాళ్ళు తెలిసీ తెలియక కెలుకుతారు. తర్వాత మా పీకలమీదికి వస్తుంది."

ఆ పిల్ల ఈయన ఎవరో తెలిసి అనలేదు పాపం. కానీ బాబాయికి తల కొట్టేసినట్టయింది. బయటివాళ్ళట. కెలుకుతారట. తన ఇల్లు, తన కారు, తన పెళ్ళాం, తను బయటివాడు. పైగా కారు వాళ్ళ దగ్గర వదిలితే ఎప్పుడిస్తారో, విచారణ చూస్తే దగ్గరికొచ్చేసింది. ఆవిడ మొహంలో వచ్చిన ఆ నవ్వుని మళ్ళీ ఇంటికి పంపి అన్నాళ్ళు ఆగమనడం ఎలా? ఇన్ని సాకులు దొరికాక మనిషికి ఇంకేం కావాలి.

"అయితే టాపుకి వద్దని రాయమంటారా అంకుల్?"

"వద్దనే రాయి."

బయటికి రాగానే పిన్ని అడిగింది. "తీసుకున్నారా?"

"ఆఁ," అన్నాడు బాబాయి, తాళం తిప్పుతూ.

ఒక్క అక్షరం. అంత చిన్న అబద్ధం ఆడటానికి నోరు పూర్తిగా తెరవక్కర్లేదు కూడా. పిన్ని కాగితం చూపించమనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు వాళ్ళిద్దరికీ పండగే. సాయంత్రం షాపు మూసి బాబాయి ఆవిణ్ణి ఎక్కించుకుని ఊరి చుట్టూ తిప్పేవాడు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? "బాబాయ్, మళ్ళీ పెళ్ళా?" అని ఒకడు, "పిన్నీ, పెళ్ళికొడుక్కి జుట్టు లేదు, ఎగిరేదేముంది?" అని ఇంకొకడు. ఎదురు షాపువాడైతే, అతనిదీ ఫ్యాన్ల రిపేరే, బాబాయికి పాతికేళ్ళుగా పడదు, "ఆయన బుర్రలాగే, కారుకీ పైన ఏమీ లేదు" అని నలుగురిలో అన్నాడు. పిన్ని ఆ మాటకి పడీ పడీ నవ్వింది. బాబాయి వాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా మర్చిపోయాడు.

ఆవిడ ఇంకో పని మొదలుపెట్టింది. ఇంటి ముందు కారు ఆపాక, "ఒకసారి టాపు వెయ్యండి" అనేది. గుడ్డ వచ్చి నెత్తిన కప్పుకునేది. ఆవిడ కళ్ళు మూసుకుని, సీటు అంచు గట్టిగా పట్టుకుని, "ఇంక తియ్యండి" అనేది. తెరుచుకునేది. మర్నాడు ఇంకాస్త సేపు. మందులూ మాకులూ ఇచ్చినవాళ్ళు చెయ్యలేనిది ఆ గుడ్డ చేస్తోంది. మూసినది తెరుచుకుంటుందని ఆవిడ మళ్ళీ కొత్తగా నేర్చుకుంటోంది.

ఒక రోజు ఆవిడ లోపలికి వెళ్ళాక బాబాయి మీట నొక్కితే, టాపు సగం దాకా వచ్చి ఆగిపోయింది. విప్పి చూశాడు. ఫ్యూజు పోయింది. కొత్తది వేశాడు, అదీ పోయింది. ఎక్కడో ఇనుప చట్రం పట్టేస్తోంది, మోటారు బలవంతంగా లాగుతోంది, ఆ సంగతి ఫ్యూజు తనకి చేతనైనట్టు చెప్తోంది. ఇది బాబాయికి తెలియనిది కాదు. షాపుకొచ్చే వాళ్ళకి రోజూ చెప్పేదే. కానీ చట్రమంతా విప్పాలంటే సరైన పనిముట్లు లేవు, షెడ్డుకి తీసుకెళ్తే మొదటి అబద్ధం బయటపడుతుంది, విచారణ ముంచుకొచ్చింది. జేబులో రాగితీగ ముక్క ఉంది. ఫ్యూజు స్థానంలో నాలుగు పేటలు మెలేసి బిగించాడు. ఇక మోటారు ఎంత లాగినా అది పోదు. మీట నొక్కాడు. టాపు మూలుగుతూ వచ్చి కప్పుకుంది, మూలుగుతూ వెళ్ళి ముడుచుకుంది.

పిన్ని గుమ్మంలోంచి చూసింది. "ఏమిటండీ ఆ చప్పుడు? వాళ్ళకి చూపించండి."

మర్నాడు సాయంత్రం అడిగింది. "చూపించారా?"

"చూపించాను. బాగుచేశారు."

ఈ మాట ఇదివరకు ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట్లోంచి వచ్చిందో బాబాయికి ఆ క్షణాన తట్టనేలేదు. తట్టి ఉంటే బాగుండేది.

విచారణ రోజు పొద్దున్నే బయల్దేరారు. పిన్ని ఉతికి గంజిపెట్టిన చీర కట్టుకుంది. ఒళ్ళో పెద్దక్క స్వెటరు, మడిచి పెట్టుకుంది. అది చూపించాలని ఆవిడ పట్టుదల. ఊరు దాటి చాలా దూరం వచ్చారు. గాలికి ఆవిడ చీర చెంగు వెనక్కి ఎగురుతోంది. ఏం చెప్పాలో తనలో తను అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి.

అప్పుడు వాన మొదలైంది. చినుకులు కాదు, ఏకంగా కుండపోత. బాబాయి కారు పక్కకి తీశాడు. చెట్టూ పుట్టా లేని రోడ్డు, అటూ ఇటూ ఖాళీ నేల.

"తడిసిపోతాం. ఎలా మరి?" అన్నాడు.

పిన్ని స్వెటరు గుండెలకి హత్తుకుంది. "టాపు వెయ్యండి."

"ఉండగలవా?"

"వారంటీ ఉందిగా. తెరుచుకోకపోతే గంటలో మనిషొస్తాడన్నారుగా. వెయ్యండి."

బాబాయి చెయ్యి మీట మీద ఆగింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఇప్పుడు చెప్తే ఈవిడ ఇక్కడే దిగిపోతుంది, విచారణ పోతుంది, చెప్పకపోతే ఏమీ కాదులే, ఇన్నిసార్లు తెరుచుకుంది, ఈసారీ తెరుచుకుంటుంది. నొక్కాడు. టాపు పెద్దగా మూలుగుతూ వచ్చింది, ముందు అద్దానికి కొక్కేలు టక్కున పడ్డాయి. లోపల చీకటైంది. గుడ్డ మీద వాన మోత. పిన్ని కళ్ళు మూసుకుని సీటు పట్టుకుంది. బాబాయి కారు పోనిచ్చాడు.

చాలాసేపే తట్టుకుంది ఆవిడ. మొహమంతా చెమటలు, అయినా తట్టుకుంది. వాన కాస్త తెరిపి ఇచ్చింది. "ఇంక తియ్యండి," అంది, ఆ గొంతులో గర్వం కూడా ఉంది. బాబాయి వేగం తగ్గించాడు.

మీట నొక్కాడు. వెనకెక్కడో మోటారు ఒక్కసారి గట్టిగా గుంయ్‌మంది. తర్వాత మాడిన వాసన. ఆ వాసన బాబాయికి పాత పరిచయం. రాగితీగ మీది పూత కాలి, తీగకి తీగ అంటుకుపోయి, మోటారు చచ్చిపోయే వాసన. మళ్ళీ నొక్కాడు. చడీ చప్పుడూ లేదు.

"తియ్యండి."

"తీస్తున్నా, ఉండు."

"తియ్యండీ."

కారు ఇంకా పూర్తిగా ఆగకుండానే ఆవిడ తలుపు తోసుకుని దిగి, కుంటుకుంటూ నాలుగడుగులు పరిగెత్తి, రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది. బాబాయి ఆవిడ వీపు నిమరబోయాడు. చెయ్యెత్తి ఆగమంది. మూతి తుడుచుకుని, ఊపిరి అందాక, "వాళ్ళకి ఫోను చెయ్యండి," అంది. "గంటలో వస్తారుగా. అప్పటికైనా విచారణ అందుకోవచ్చు."

బాబాయి జేబులోంచి ఫోను తీశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు కూడా. సిగ్గులేని చెయ్యి అది, తనంతట తానే అబద్ధానికి సిద్ధపడింది. పిన్ని ఆయన వంకే చూస్తోంది. ఆయన ఏ అంకెనూ నొక్కకపోవడం చూసింది. ఫోను కిందికి దించాడు.

"వారంటీ తీసుకోలేదే," అన్నాడు.

వాన తుంపర పడుతోంది. ఆవిడ ఆయన చేతిలోని ఫోను వంకే చూస్తోంది.

"నేనున్నానుగా అనుకున్నాను."

"మొన్న చూపించానన్నారు."

"చూపించలేదు. నేనే చేశాను."

"ఏం చేశారు?"

"ఫ్యూజు చోట తీగ చుట్టాను."

పిన్ని లేచింది. తిట్టి ఉంటే బాబాయి కాళ్ళమీద పడేవాడు. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆవిడ ఆయన్ని కొత్తవాణ్ణి చూసినట్టు ఎగాదిగా చూసి, "చూపించాను, బాగుచేశారు," అని ఆ మాటలే మెల్లిగా పలికింది. అప్పుడు తెలిసింది బాబాయికి, ఆ మాటలు ఎవరివో.

ఆవిడ డిక్కీ తెరిచి ఆయన పనిముట్ల పెట్టె లాగింది. కట్టరు తీసుకుంది. తీగల పూత గీకడానికి ఆయన వాడేది. బొటనవేలితో పదును చూసింది. తన సీటు వైపు వచ్చి, తలుపు దగ్గర నిలబడి, టాపు గుడ్డలోకి కట్టరు దించింది. గుడ్డ దళసరిది, లోపల ఇంకో పొర ఉంది. అయినా ఆ చేతికి పాత పని గుర్తుంది. ముందు నుంచి వెనక్కి ఒక గీత, అడ్డంగా ఒక గీత, మళ్ళీ ముందుకి ఒక గీత. తన తల మీద ఉండే ముక్కంతా ఊడి వచ్చింది. దాన్ని తీసి రోడ్డు పక్కన పడేసింది. ఆ రోజు ఆ ఇనుప తలుపుని కొయ్యడానికి ఏ కట్టరూ సరిపోలేదు.

సీట్లో కూర్చుంది. ఆ కంతలోంచి వాన నేరుగా ఆవిడ మీదే పడుతోంది. స్వెటరు పైట కింద దాచుకుంది.

"పోనివ్వండి."

దారి పొడుగునా ఆవిడ తల ఎత్తి కంతలోకి చూస్తూ కూర్చుంది. ఆయన వైపు గుడ్డ చెక్కుచెదరలేదు, ఆయన పొడిగానే ఉన్నాడు. అదే ఆయనకి ఎక్కువ బాధనిపించింది.

విచారణ పొడుగాటి హాల్లో. ఆలస్యంగా వెళ్ళినా పిలిచారు. నీళ్ళోడుతున్న చీరతో, తలుపు దగ్గర నిలబడే చెప్తానంటే అధికారి సరేనని, తలుపు తెరిచి ఉంచమని బంట్రోతుకి చెప్పాడు. పెద్దక్క కూతురు లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. బాబాయి వరండాలోకి వచ్చాడు. అక్కడ ఒక బెంచీ, దానిమీద ఒకాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో అన్నం డబ్బా సంచి, కళ్ళ కింద నలుపు. బాబాయి ఎవరో ఆయనకి తెలియదు. "కూర్చోండి సార్," అని పక్కకి జరిగి చోటిచ్చాడు. బాబాయి కూర్చున్నాక, లోపల ఎవరో "సూపర్వైజరు బయటే ఉన్నారా?" అని కేకేస్తే ఆయన "ఉన్నానండీ" అనేదాకా ఆయనెవరో తెలియలేదు. తెలిశాక లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని లోపలి మాటలు విన్నారు.

పిన్ని అంతా వరసగా చెప్పింది. పిడి జారడం, తను చెప్పడం, ఆయన చూపిస్తాననడం, చూపించాననడం. పెద్దక్క తన మాట మీదే లోపలికి వచ్చిందని, పెట్టెలు పట్టడానికి తనే పిలిచిందని, ఆవిడ తప్పు ఇసుమంత లేదని చెప్పింది. స్వెటరు బల్ల మీద పెట్టింది. పెద్దక్క కూతురు బావురుమంది.

కంపెనీ తరఫున వచ్చినాయన లేచాడు. "మా సూపర్వైజరు కావాలని అబద్ధం చెప్పలేదంటున్నాడు. మీరేమంటారు? మిమ్మల్ని చంపాలనుకున్నాడా?"

పిన్ని వరండాలోకి చూసింది. బెంచీ మీద ఇద్దరు మగాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు.

"లేదండీ," అంది. "మంచాయనే. మామీద అభిమానమే. ఏమీ కాదులే అనుకుని ఉంటాడు. అడిగితే మళ్ళీ నాకెందుకు కంగారు అనుకుని, చేశానని చెప్పి ఉంటాడు. నేను నమ్మాను. నమ్మకపోతే నేనే వెళ్ళి నెట్టి చూసుకునేదాన్ని. పెద్దక్క బతికి ఉండేది."

సూపర్వైజరు అన్నం డబ్బా సంచిని రెండు చేతులతో నలిపేస్తున్నాడు. బాబాయి తన చేతులు తొడల కింద దాచుకున్నాడు.

పెద్దక్క తప్పు లేదని తేలింది. ఆ మాట రాసిన కాగితం కూతురికి అందింది. పిన్ని మళ్ళీ ఆ కారెక్కి కంత కింద కూర్చునే ఇంటికొచ్చింది. అన్నం వండింది, వడ్డించింది, "కూర ఇంకాస్త వెయ్యనా?" అని అడిగింది. పైకి చూస్తే ఏమీ మారలేదు. కానీ గడియ పీకిన తలుపులన్నీ పడుకునే ముందు ఒక్కొక్కటీ తనే మూసి, తెరిచి, చూసుకునేది. ఇటుక తనే జరిపి చూసేది. గ్యాసు మీట బాబాయి కట్టి వచ్చినా, మళ్ళీ లేచి వెళ్ళి ముట్టుకుని వచ్చేది. "నేను చూశానుగా," అనబోయి బాబాయి నోరు మూసుకునేవాడు. టాపు కుట్టిస్తానంటే, "అలాగే ఉండనివ్వండి" అంది.

తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం బాబాయి షాపులో కూర్చుని మోటారు చుడుతున్నాడు. చుట్టేటప్పుడు ఆయన పెదవులు లెక్కపెడుతూనే ఉంటాయి, ఒక్క చుట్టు తేడా వచ్చినా మోటారు నిలవదు. తలెత్తితే ఎదురు షాపు మెట్ల దగ్గర పిన్ని కనిపించింది. కుంటుకుంటూ ఎక్కుతోంది. చంకలో టేబుల్ ఫ్యాను. మంచం పక్కది. పొద్దున అది ఆగిపోయిందని కూడా ఆవిడ చెప్పలేదు.

ఎదురు షాపువాడు తెల్లబోయాడు. రోజూ ఎగతాళి చెయ్యనిదే నిద్రపట్టని మనిషి, ఆ రోజు నవ్వలేదు. రోడ్డు ఇరుకు, మాటలు వినిపిస్తున్నాయి.

"పిన్నిగారూ, ఎదురుగా మీ ఆయన ఉండగా..."

"ఇది బాగుచేస్తారా?"

"చేస్తానమ్మా. ఎందుకు చెయ్యను."

"మళ్ళీ పాడైతే చూస్తారని రాసిస్తారా?"

అతను బాబాయి వంక ఒకసారి చూసి, తలదించుకుని చీటీ రాశాడు. పిన్ని దాన్ని చదివింది, మడిచింది, జాకెట్లో పెట్టుకుంది. తర్వాత ఫ్యాను విప్పుతుంటే చూస్తూ అక్కడే బల్లమీద కూర్చుంది.

బాబాయి చేతిలో తీగ ఆగిపోయింది. ఎన్ని చుట్లు చుట్టాడో గుర్తులేదు. మొదటినుంచీ విప్పడం మొదలుపెట్టాడు.